నికెల్ వేయించకముందు ఒకసారి చూపించండి

మామునూరు పోలీసు బెటాలియన్‌లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరైన దగ్గర్నుంచి నాకు నెలకు ఒకటో రెండో ఫోన్లు వస్తుంటాయి. "సార్, మా ఇంట్లో పాత పిస్తోలు ఉంది, జర చూస్తరా" అని. నేను కాదనను. కానీ మూడు షరతులు చెప్తాను. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి ఎదురుగా కూర్చోవాలి. లైసెన్సు పుస్తకం బల్ల మీద ఉండాలి. తూటాలు వేరే గదిలో ఉండాలి. రిపేరు మాత్రం అడగొద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దానికి వేరే లైసెన్సు కావాలి, అది నా దగ్గర లేదు. చూస్తాను, చెప్తాను, అంతవరకే.

పోయిన ఆదివారం హన్మకొండ బాలసముద్రంలో ఒక టీచరమ్మ ఇంటికి వెళ్లాను. లైసెన్సు ఆమె పేరు మీదే ఉంది, వాళ్ల బాపు పోయాక వారసురాలిగా వచ్చింది. ఆమె కొడుకు బెంగళూరులో ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు. పక్కింటి అబ్బాయి కూడా వచ్చి కూర్చున్నాడు. ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తాడట, ఈ పిస్తోలు అమ్మితే తను లైసెన్సు తెచ్చుకుని కొనుక్కుంటానని ఆశ. కరీంనగర్ నుంచి పాత ఆయుధాలు సేకరించే ఒకాయన కూడా ఫోన్లో అడిగాడట. టీచరమ్మ కొడుకు ఆలోచన ఇంకోటి. "నికెల్ కోటింగ్ వేయిస్తే కొత్తదాని లెక్క మెరుస్తది సార్, రేటు పెరుగుతది" అన్నాడు. ఆ మాట కోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

తోలు కవర్లోంచి పిస్తోలు బయటికి తీయగానే మనసు చివుక్కుమంది. కుడి పక్కన, మూతి దగ్గర, రూపాయి బిళ్లంత మేర ఎర్రటి తుప్పు. 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ వీధుల్లోకి నీళ్లు వచ్చినప్పుడు వీళ్ల ఇంట్లోకి కూడా మోకాలి లోతు వచ్చాయట. బీరువా కింది అర తడిసింది. కవర్‌ను పైపైన తుడిచి, పిస్తోలు అందులోనే పెట్టి మళ్లీ బీరువాలో పెట్టేశారు. తోలు లోపల తడి చాలా రోజులు నిలుస్తుంది. పైగా తోలు పదును పెట్టేటప్పుడు వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి. ఎంత ఖరీదైన కవరైనా అది బయటికి వెళ్లేటప్పుడు మోయడానికే. ఇంట్లో దాచడానికి కాదు.

"అమ్మా, ముందు మ్యాగజైన్, అంటే పిడిలోని తూటాల పెట్టె, తీయండి. ఇప్పుడు స్లైడ్, అంటే పైన జారే ఇనుప తొడుగు, వెనక్కి లాగండి. బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట ఏమీ లేదని మీ కళ్లతో చూడండి, ఇప్పుడు వేలు పెట్టి చూడండి" అన్నాను. నేను చేసి చూపించడం కంటే లైసెన్సుదారు చేత్తో చేయించడం నా పద్ధతి. ముప్పై ఏళ్లు కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, రోజూ ఈ పనే చేసినా, వేలు పెట్టి చూడకుండా ఏ ఆయుధాన్నీ ఖాళీ అని నేను నమ్మలేదు. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన లోపలి తూటా పోదు. చాలా ప్రమాదాలు అక్కడే జరుగుతాయి.

స్లైడ్ ఎడమ వైపు రాత చదివాను. ఫాబ్రిక్ నాసియొనాల్, హెర్‌స్టాల్, బెల్జియం. బ్రౌనింగ్ పేటెంట్. బ్యారెల్ మీద తూటా కొలత 7.65. అంటే మన దగ్గర ".32 పిస్టల్" అని పిలిచే రకం. మోడల్ 1922. చేతిలోకి తీసుకుని బరువు చూశాను. ఖాళీగా ముప్పావు కిలోకి కొంచెం తక్కువ, పొడవు 178 మిల్లీమీటర్లు.

దీని కన్నతల్లి మోడల్ 1910. జాన్ బ్రౌనింగ్ గీసిన చిన్న జేబు పిస్తోలు. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చింది ఆ 1910 రకంతోనే. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక యుగోస్లావియా సైన్యానికి పెద్ద పిస్తోలు కావాల్సి వచ్చింది. అప్పుడు హెర్‌స్టాల్ వాళ్లు కొత్తగా మొదలుపెట్టకుండా, ఉన్న 1910కే బ్యారెల్‌ను సుమారు 25 మిల్లీమీటర్లు పెంచి, స్లైడ్ ముందు విడిగా ఒక మూతి తొడుగు తగిలించి, పిడిని పొడుగు చేసి రెండు తూటాలు ఎక్కువ పట్టే మ్యాగజైన్ పెట్టారు. పాత స్లైడ్లు చేసే యంత్రాలు వృథా కాకుండా ఆ మూతి ఉపాయం వేశారు. నాకు ఆ పనివాళ్ల తెలివంటే గౌరవం. మన పోలీసు కోత్‌లలో ఉండే 9 ఎంఎం పిస్తోలు, ఇషాపూర్‌లో తయారయ్యేది, అదే బ్రౌనింగ్ మొదలుపెట్టిన హై పవర్ వంశానిది. ఆయన 1926లో పోయాక హెర్‌స్టాల్‌లోనే దియుదోనే సైవ్ అనే డిజైనర్ దాన్ని పూర్తిచేశాడు. సర్వీసులో ఉండగా వాటిని వందల సార్లు విప్పాను. ఆదివారం ఈ 1922ను పట్టుకుంటే పాత చుట్టాన్ని కలిసినట్టే అనిపించింది.

ఆ తర్వాత భూతద్దం తీశాను. ట్రిగ్గర్ గార్డు పైన, స్లైడ్ మీద చిన్న చిన్న ముద్రలు. గద్ద బొమ్మ, దాని కింద 140 అంకె. జర్మన్ సైన్యపు ఆయుధ తనిఖీ శాఖ, అంటే వాఫెనామ్ట్ ముద్ర అది. 1940 మే నెలలో బెల్జియం జర్మన్ల చేతిలో పడింది. 1944 సెప్టెంబరులో విడుదలయ్యే దాకా హెర్‌స్టాల్ ఫ్యాక్టరీ వాళ్ల కోసమే నడిచింది. ఈ 1922 రకాన్ని లక్షల సంఖ్యలో జర్మన్లు చేయించుకున్నారు. మొదట 613, తర్వాత 103, ఆపైన 140 ముద్రలు వచ్చాయి. యుద్ధం ముదిరినకొద్దీ పనితనం తగ్గింది. స్లైడ్ మీద ఆకురాయి గీతలు అలాగే వదిలేశారు, కొమ్ములా నల్లగా ఉండే పిడి ముక్కల బదులు చెక్కవి వేశారు. ఈ పిస్తోలుకు చెక్క పిడే ఉంది. ఎడమ ముక్క మరమేకు దగ్గర చీలింది. స్లైడ్ మీద గీతలు కంటికే కనిపిస్తున్నాయి. తెలియనివాళ్లు దాన్ని నాసిరకం పని అంటారు. సేకరించేవాళ్లకు ఆ గీతలే తేదీ ముద్ర.

గద్ద బొమ్మ అనగానే టీచరమ్మ ముఖం వెలిగింది. "అన్నా, మా బాపు మిలటరీల సప్లై పని మీద ఇటలీ పోయిండు. అక్కడ ఒక జర్మన్ ఆఫీసరు దగ్గర్నుంచి గుంజుకొని తెచ్చిండని మా అవ్వ చెప్పేది" అంది. చిన్నప్పటి నుంచి విన్న కథ. భారత సైన్యం 1943 నుంచి 45 వరకు ఇటలీలో పోరాడిన మాట నిజమే, జర్మన్ల దగ్గర ఈ పిస్తోళ్లు ఉన్న మాటా నిజమే. నాకూ నమ్మాలనే ఉండింది.

కానీ బ్యారెల్‌ను వెలుతురుకు తిప్పితే ఇంకో ముద్ర దొరికింది. కిరీటం, కింద అక్షరాలు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌ది. 1813 నుంచి ఉన్న సంస్థ. బ్రిటన్‌లో ఆయుధం అమ్మాలంటే ఎక్కువ బలమైన తూటా పేల్చి పరీక్షించి, నిలబడితే ముద్ర వేస్తారు. అంటే ఈ పిస్తోలు యుద్ధం తర్వాత బ్రిటన్ వ్యాపారుల చేతిలో పడింది, అక్కడ పరీక్ష అయ్యాకే మన దేశం వచ్చింది. ఒక సిపాయి సంచిలో ఇటలీ నుంచి నేరుగా హన్మకొండకు రాలేదు. లైసెన్సు పుస్తకం తిప్పితే అందులో కూడా 1960లలో డీలర్ దగ్గర కొన్నట్టే ఉంది.

ఎలా చెప్పాలా అని కాసేపు ఆగాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. "అమ్మా, మీ బాపు ఇటలీ పోయిండు, అది అబద్ధం కాదు. ఆయన చూసిన యుద్ధంలోనిదే ఈ పిస్తోలు. కానీ తెచ్చింది కాదు, కొన్నది. బహుశా అక్కడ చూసిన రకమే ఇక్కడ డీలర్ దగ్గర కనబడితే వదల్లేకపోయిండేమో." ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లైసెన్సు పుస్తకంలో వాళ్ల బాపు సంతకం మీద వేలు పెట్టి, "ఈ సంతకం ఎంత నీట్‌గ ఉందో చూడన్నా" అంది. అమ్మేవాళ్లు చెప్పే కథకు కొనేవాళ్లు డబ్బు పెట్టకూడదు. ముద్రలకు, కాగితాలకు పెట్టాలి. ఈ మాట ఆమెకు ఆ రోజు చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

నంబర్లు చూశాను. ఫ్రేమ్, అంటే కింది మొండెం మీద ఒకటి, స్లైడ్ మీద ఒకటి, తూటా బయటపడే కిటికీలోంచి బ్యారెల్ మీద ఒకటి. మూడూ ఒకటే. సేకరించేవాళ్లకు దీనికి మించిన శుభవార్త లేదు. కోత్‌లలో, రిపేరు షాపుల్లో నాలుగు పిస్తోళ్లు ఒకేసారి విప్పి బిగిస్తే స్లైడ్లు మారిపోవడం మామూలు. ఎనభై ఏళ్లు ఈ మూడు ముక్కలూ విడిపోకుండా ఉన్నాయంటే ఇది ఎక్కువగా బీరువాలోనే ఉందని అర్థం.

ఇప్పుడు నికెల్ సంగతి. నికెల్ పూత పూసేముందు ఉపరితలాన్ని బఫ్ చక్రం మీద పెట్టి అద్దంలా నునుపు చేస్తారు. ఆ చక్రం తుప్పునొక్కటే తీయదు. అక్షరాల అంచులు కరిగిపోతాయి, గద్ద బొమ్మ మసక బారుతుంది, నంబరు లోతు పోతుంది, యుద్ధకాలపు గీతలు మాయమవుతాయి. కొన్నేళ్ల కింద నర్సంపేట వైపు ఒక ఇంట్లో ఇలాంటిదే మంచి మౌజర్ పిస్తోలు చూశాను. ఇంటివాళ్లు ఎంతో ప్రేమగా నికెల్ వేయించారు. వెండి గిన్నెలా మెరుస్తోంది. భూతద్దం పెట్టి వెతికితే ఒక్క ముద్ర కూడా చదవడానికి రాలేదు. నంబరు చదవలేకపోతే కాగితాల పరంగా కూడా తలనొప్పే. ఆ ఇంటి పెద్దాయన "బాగుందా?" అని అడిగితే నాకు గొంతు పెగల్లేదు. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా మొదట నికెల్ మాటే ఎత్తుతాను. ఈ టీచరమ్మ పిస్తోలుకు అసలు నీలినలుపు రంగు సగానికి పైగా మిగిలి ఉంది. అది ఉన్నదున్నట్టుగా ఉండాలి. తుప్పు మచ్చకు మెత్తటి గుడ్డ, నూనె, ఓపిక చాలు. ఇసుక కాగితం వద్దు.

తర్వాత పనిచేసే తీరు చూశాం. ఈ రకం పిస్తోలులో బ్యారెల్‌కు, స్లైడ్‌కు మధ్య గట్టి తాళం ఏమీ ఉండదు. పేలినప్పుడు స్లైడ్ బరువు, బ్యారెల్ చుట్టూ ఉన్న స్ప్రింగ్ బలం, ఈ రెండే దాన్ని ఆపుతాయి. కాబట్టి స్ప్రింగ్ నీరసించిందంటే ప్రతి తూటాకీ స్లైడ్ వచ్చి ఫ్రేమ్‌ను సుత్తిలా కొడుతుంది. టీచరమ్మ స్లైడ్‌ను లాగి మెల్లగా వదిలితే చివర్లో గోరంత దూరంలో ఆగిపోయింది. నెడితేనే మూసుకుంది. కొంత ఎండిన నూనె వల్ల, కొంత స్ప్రింగ్ వల్ల. ఏ నూనె వాడారని అడిగితే కొబ్బరినూనె అన్నారు. చలికాలం గడ్డకట్టి, తర్వాత జిగురై, లోపల దుమ్మును పట్టుకుంటుంది. కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేసినా అంతకంటే నయం.

తూటాను పేల్చే సూది దెబ్బ చూడటానికి మా కోత్‌లో పాత పద్ధతి ఒకటుంది. ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, ఖాళీ మ్యాగజైన్ పెట్టి, మూతిని పైకి పట్టుకుని బ్యారెల్లో ఒక పెన్సిల్ జారవిడిచి ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ పెట్టకపోతే ఈ 1922లో ట్రిగ్గర్ పనిచేయకూడదు, అదీ ఒక భద్రతే, హై పవర్‌లో కూడా ఉంటుంది. సూది బలంగా ఉంటే పెన్సిల్ ఎగిరి బయట పడుతుంది. ఇక్కడ పెన్సిల్ లేచి మళ్లీ లోపలికే జారింది. సూది స్ప్రింగ్ కూడా అలిసిపోయిందన్నమాట. పిడి వెనక ఉండే భద్రతా పట్టీ మాత్రం చక్కగా పనిచేసింది. అరచేయి బిగించకుండా ఎంత నొక్కినా ట్రిగ్గర్ కదల్లేదు. పక్కనున్న సేఫ్టీ కూడా గట్టిగా నిలబడింది. టీచరమ్మ కొడుకు పిస్తోలు ముందున్న మూతి తొడుగును తిప్పి విప్పబోతే చేయి పట్టుకుని ఆపాను. దాని కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, జారితే కంట్లోకే ఎగురుతుంది.

బ్యారెల్ లోపల టార్చి వేసి చూశాను. తూటాను తిప్పే గాడులు పదునుగానే ఉన్నాయి కానీ గాడుల లోతుల్లో నల్లటి చిన్న గుంటలు. పాతకాలపు తూటాల అడుగున సూది తగిలే టోపీలో ఉండే రసాయనం పేలాక ఉప్పులా మిగులుతుంది. అది గాలిలో తేమను పీల్చుకుని ఇనుమును తింటుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు, వేడినీళ్లే కరిగిస్తాయి. మా సీనియర్లు .303 రైఫిళ్ల బ్యారెల్లో మరిగిన నీళ్లు పోసి, ఆ తర్వాతే చిందీకి, అంటే గుడ్డ పీలికకు, నూనె పట్టించి లాగేవాళ్లు. ఇళ్లలో ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఇక మ్యాగజైన్. అది హెర్‌స్టాల్‌ది కాదు, ఎవరో చేయించిన నాటు మ్యాగజైన్. పైన తూటాలను పట్టి ఉంచే పెదవులు సమంగా లేవు. ఈ తూటాకు వెనక అంచు కొంచెం బయటికి పొడుచుకు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి, వెనకబడితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు ఇరుక్కుంటాయి. పెదవులు సరిలేని మ్యాగజైన్‌లో ఇది తరచూ జరుగుతుంది. తూటాల డబ్బా చూపించమంటే ఇంకో గదిలోంచి తెచ్చి దూరంగా పెట్టారు. ఖడ్కీ ఫ్యాక్టరీవి, రెండు రకాలు. ఒక రకం పొడుగ్గా, అంచు వెడల్పుగా ఉంది. అవి .32 రివాల్వర్ తూటాలు. మన లైసెన్సుల్లో రెండింటినీ ".32 బోర్" అనే రాయడం వల్ల కొనేవాళ్లు తికమక పడతారు. అవి ఈ పిస్తోలులో పట్టవు. పట్టించాలని బలవంతం చేసినవాళ్లను కూడా చూశాను.

పక్కింటి అబ్బాయి ఆత్రంగా అడిగాడు, "అంకుల్, నాకైతే ఎట్లుంటది?" వాడి ముఖం చూసి బాధనిపించింది కానీ నిజం చెప్పాను. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీకి గురి సరిచేసుకునే సైట్లు కావాలి. దీనికి మూతి మీద బియ్యపు గింజంత సైటు, వెనక ఒక సన్న గాడి, అంతే. ట్రిగ్గర్ బరువుగా, జిగురుగా ఉంది. నెలకు వంద తూటాలు కాల్చినా స్ప్రింగ్ మార్చకపోతే ఫ్రేమ్ చిట్లొచ్చు. చిట్లితే ఆ నంబరున్న ఫ్రేమ్ మళ్లీ దొరకదు. "బిడ్డా, నీకు కావాల్సింది పోటీ పిస్తోలు. గచ్చిబౌలి రేంజికి పోయి, అక్కడి కోచ్‌లతో మాట్లాడి, వాళ్లు ఇచ్చినదాంతో కొన్నాళ్లు కాల్చు. ఇది నీ చేతిలో పాడైతే నువ్వే ఎక్కువ బాధపడతవ్" అన్నాను. తల ఊపాడు. ఇది కాల్చే పిస్తోలు కాదు, దాచుకునే పిస్తోలు. నా తీర్పు అదే.

కరీంనగర్ ఆయన సంగతి వేరు. ఆయనకిది సరైన వస్తువే. అయితే "ఎనభై ఏళ్లది కదా, యాంటిక్, లైసెన్సు అక్కర్లేదు" అని ఫోన్లో అన్నాడట. అది తప్పు. పాతకాలపు ఆయుధమైనా పేలే స్థితిలో ఉండి, తూటాలు బజారులో దొరుకుతుంటే దాన్ని మామూలు ఆయుధంగానే చూస్తారు. కొనేవాళ్లకు తమ లైసెన్సు ఉండాలి, 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. అమ్మేవాళ్లు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. విదేశీ పిస్తోళ్ల దిగుమతి మామూలు జనానికి 1980ల నుంచి ఆగిపోవడంతో ఇలాంటివాటికి లక్షల్లో ధర పలుకుతుంది. అందుకే తొందరపెట్టేవాళ్లు కూడా ఎక్కువే. ధర ఎంతని టీచరమ్మ అడిగింది. నేను చెప్పలేదు, చెప్పను కూడా. మూడు నంబర్లు, ముద్రలు, రంగు ఎంత మిగిలింది, తుప్పు మచ్చ కొలత, మ్యాగజైన్ అసలుది కాదన్న మాట, బ్యారెల్లో గుంటలు, అన్నీ ఒక కాగితం మీద రాయించాను. ఎవరొచ్చినా ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడమన్నాను.

కొడుకు ఇంకోసారి నికెల్ మాట ఎత్తలేదు. భూతద్దం తీసుకుని గద్ద బొమ్మను తన ఫోన్లో ఫొటో తీసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "అమ్మా, తాత వారసుల్లో నేను కూడా ఉన్న కదా, అమ్మకుంటే ఏమైతది?" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ఇచ్చే వీలుంది. లైసెన్సుదారు పోయాక, లేదా డెబ్బై ఏళ్లు నిండాక, లేదా ఆయుధం ఇరవై అయిదేళ్లు తమ దగ్గర ఉన్నాక దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది చెప్పి ఊరుకున్నాను. ఆ నిర్ణయం వాళ్ల ఇంటిది.

వచ్చేముందు పాత నూలు చీర ముక్క అడిగి తెప్పించాను. పిస్తోలును తుడిపించి, సన్నగా నూనె రాయించి, ఆ గుడ్డలో చుట్టించాను. తోలు కవర్‌ను మేడ మీద నీడకు ఆరేశారు. టీచరమ్మ దాన్ని లోపలికి తిప్పి చూసి, మూత వెనకాల సిరాతో రాసిన వాళ్ల బాపు పేరు నాకు చూపించింది. వాన పడుతోందని మళ్లీ లోపలికి తెచ్చి, ఈసారి వేరే అరలో పెట్టింది.